నెలకు యాభై వేలు

ఉత్తర సర్కారుల కథ: కశింకోటలో కల్నల్ ఫోర్డ్

అనకాపల్లి నుంచి తుని వైపు బస్సెక్కితే శారదా నది దాటిన కాసేపటికే కశింకోట వస్తుంది. కిటికీ పక్కన కూర్చున్నవాడు ఊరి పేరు బోర్డు చదివేలోపే బస్సు ముందుకి పోతుంది. బెల్లం దిమ్మలు వేసుకున్న వ్యాన్లు, చెరకు ట్రాక్టర్లు ఎదురొస్తుంటాయి. ఇక్కడ ఏదో జరిగిందని చెప్పే ఆనవాలేదీ ఆ రోడ్డు మీద కళ్ళబడదు. కానీ 1758 నవంబర్ 3న రెండు సైన్యాలు కలుసుకున్నది ఈ కశింకోటలోనే. ఒకటి విజయనగరం పూసపాటి ఆనంద గజపతి రాజుది. రెండోది కలకత్తా నుంచి ఓడల మీద విశాఖపట్నం వచ్చి దిగిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సైన్యం. దాని దళపతి ఫ్రాన్సిస్ ఫోర్డ్ అనే ఐర్లండువాడు.

కిందటి భాగంలో బొబ్బిలి దగ్గర ఆపాం. 1757 జనవరిలో ఫ్రెంచి దళపతి బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటని నేలమట్టం చెయ్యడం, తాండ్ర పాపయ్య డేరాలోకి దూరి పెద విజయరామరాజుని పొడిచి చంపడం, ఇదంతా మన బుర్రకథలవాళ్ళ పుణ్యాన అందరికీ తెలిసిందే. బుర్రకథ అక్కడ ముగుస్తుంది. డబ్బు లెక్కలు మాత్రం అక్కడే మొదలయ్యాయి. విజయరామరాజు తరవాత గద్దెనెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్ళ మీద కినుక. చికాకోలు (శ్రీకాకుళం), రాజమహేంద్రవరం సర్కారుల్లో విజయరామరాజుకి బుస్సీ ఇచ్చిన పెత్తనం, మన్నన తన దాకా రాలేదని ఆయన బాధ.

అదను కోసం చూశాడు. 1758లో పాండిచ్చేరికి కొత్తగా వచ్చిన జనరల్ లాలీ, బుస్సీని దక్కను నుంచి వెనక్కి పిలిపించుకున్నాడు. సర్కారులని కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన చేతిలో పెట్టి బుస్సీ వెళ్ళిపోయాడు. వెంటనే ఆనంద గజపతి విశాఖపట్నం మీద పడి, కిందటేడాది ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషువాళ్ళ దగ్గర లాక్కున్న అక్కడి వర్తక కోఠీని పట్టుకుని, తిరిగి ఇంగ్లీషువాళ్ళకే అప్పగిస్తాను రమ్మని కబురు పెట్టాడు. మొదటి కబురు మద్రాసుకి వెళ్ళింది. లాలీ ఎప్పుడు మీద పడతాడో అని గోడలు బాగుచేసుకుంటున్న మద్రాసువాళ్ళు మావల్ల కాదన్నారు. రెండోది కలకత్తాలో క్లైవ్‌కి అందింది. ఉన్న కొద్దిపాటి సైన్యాన్నీ బయటికి పంపితే బెంగాలు గతేమిటని తోటివాళ్ళు వద్దంటున్నా క్లైవ్ ఒప్పుకున్నాడు. సర్కారుల రాబడి ఫ్రెంచివాళ్ళ చేతికి అందకుండా పోతే దక్షిణాదిన వాళ్ళ యుద్ధం నడవదని అతని లెక్క.

ఆ పని మీద పంపిన మనిషి ఫోర్డ్. అప్పటికి జనరల్ కాదు, ఆ తరవాతా కాలేదు. కల్నల్ అని పిలిచేవారు. ఐర్లండులో డౌన్ కౌంటీ, సీఫోర్డ్ ఊరి కుటుంబం. ఇంగ్లండు రాజు సైన్యం నుంచి మన దేశానికి మొదట వచ్చిన 39వ పటాలంలో మేజరుగా ఉండి, క్లైవ్ పిలుపు మీద ఆ కొలువు వదిలి కంపెనీ కొలువులో చేరాడు. రాజు కొలువులో హోదా ఎక్కువ, కంపెనీ కొలువులో సంపాదన ఎక్కువ. ఆ మారడం అతనికి ఎంత ఖరీదైందో తరవాత చూద్దాం.

ఫోర్డ్ వెంట వచ్చింది ఓ అయిదు వందల మంది తెల్ల సోల్జర్లు, రెండు వేల మంది సిపాయిలు, ఆరు చిన్న ఫిరంగులు. అక్టోబర్ 20న విశాఖలో దిగారు. నవంబర్ 1న బయల్దేరి మూడో తేదీకి కశింకోట చేరారు. ఇక్కడో ముచ్చట చెప్పాలి. ఈ సిపాయిలు బెంగాలు నుంచి వచ్చారు. బెంగాలులో కంపెనీ సిపాయిలని జనం ‘తిలంగాలు’ అని పిలిచేవారు. క్లైవ్ మద్రాసు నుంచి మొదట తీసుకువెళ్ళిన సిపాయిల్లో తెలుగు సీమవాళ్ళు ఉండడంతో ఆ పేరు పడిపోయింది. ఆ తరవాత అక్కడి మనుషులనే చేర్చుకున్నా పేరు మాత్రం మారలేదు. అంటే శారద ఒడ్డున దిగిన ఈ ఎర్రకోటులవాళ్ళు తెలుగు ముక్క రాని తిలంగాలన్నమాట. కశింకోట సంతలో ఉప్పూ పప్పూ బేరమాడడానికి ఏ భాష వాడారో గాని, వాళ్ళు ఆ పేరు మోసుకుంటూ పేరు పుట్టిన దేశానికే వచ్చారు.

కశింకోట కూడా అప్పుడు చిన్న పేరేమీ కాదు. చికాకోలు సర్కారుని ఇచ్ఛాపురం, చికాకోలు, కశింకోట అని మూడు భాగాలుగా లెక్కపెట్టేవారు. రాజు అక్కడ దిగడానికి అదే కారణం కావచ్చు. ఇక్కడి నుంచి దక్షిణంగా పోయే బాట పట్టుకుంటే తుని, పిఠాపురం, పెద్దాపురం మీదుగా రాజమహేంద్రవరం. ఆ దారిలో కాన్‌ఫ్లాన్స్ అడ్డంగా కూర్చున్నాడు.

రెండు సైన్యాలూ కలిశాయి కదా, కదిలితే సరిపోతుందనుకుంటాం. ఫోర్డ్ డబ్బడిగాడు. సైన్యం ఖర్చు రాజే పెట్టుకుంటానన్నాడనే నమ్మకంతోనే కలకత్తా అతన్ని పంపింది. రాజు చేతిలో రొక్కం లేదు, ఉన్నా తియ్యలేదు. ఇంగ్లీషు రాతలన్నీ ఈ చోట ఆనంద గజపతిని పిసినారి కిందా మాట తప్పేవాడి కిందా కడతాయి. నాకు అంత తేలిగ్గా అనిపించదు. జమీందారు ఆదాయమంటే పంట ఇంటికొచ్చాక వసూలయ్యే శిస్తు. నవంబర్లో పైరింకా చేలోనే ఉంటుంది. పైగా బొబ్బిలి యుద్ధం జరిగి రెండేళ్ళు కాలేదు. గెలుస్తారో ఓడుతారో తెలియని రెండున్నర వేల మంది పరాయివాళ్ళకి ముందే సంచులు విప్పే రాజు ఎవడుంటాడు? ఓడితే ఫోర్డ్ ఓడెక్కి వెళ్ళిపోతాడు. తాను మాత్రం ఫ్రెంచివాళ్ళ పక్కన బతకాలి.

చివరికి రాజుకి అంతకుముందే ఎరుక ఉన్న ఆండ్రూస్ అనే కంపెనీ ఉద్యోగి మధ్యన పడి నవంబర్ 21న ఒప్పందం కుదిర్చాడు. దోపిడీ సొమ్ము చెరిసగం. గెలిచిన సీమలు రాజువి, శిస్తు వసూలు చేసుకునేది ఆయనే. రేవులు, నదులు సముద్రంలో కలిసే చోట ఉన్న పట్నాలు, వాటికి చెందిన ఊళ్ళు మాత్రం కంపెనీవి. ఒకరి ఒప్పుదల లేకుండా రెండోవారు ఎవరితోనూ సంధి చేసుకోకూడదు. సైన్యం ఖర్చుకి రాజు నెలకు 50,000 రూపాయలు, ఆఫీసర్ల సొంత ఖర్చులకి ఇంకో 6,000 ఇవ్వాలి. సైన్యం విశాఖ చేరిన రోజు నుంచే ఈ లెక్క మొదలు. అంటే సంతకం చేసేనాటికే రాజు ఒక నెల బాకీ. రేవులన్నీ కంపెనీ తన వాటాలో వేసుకున్న సంగతి ఆయన అప్పుడు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. పొలాల రాబడి లెక్కే తప్ప, ఓడరేవు రాబడి ఎక్కడి దాకా పెరుగుతుందో ఆ కాలపు జమీందారుకి తట్టే విషయం కాదు.

డిసెంబర్ మొదటి వారానికి గొల్లప్రోలు ప్రాంతంలో శత్రువు కనబడ్డాడు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర అయిదు వందల మంది ఫ్రెంచి సోల్జర్లు, ఆరు వేల మంది సిపాయిలు, ముప్ఫైకి పైగా ఫిరంగులు. ఫోర్డ్ దగ్గర తన ఆరు ఫిరంగులు, బ్రిస్టల్ అనేవాడి కింద రాజు పెట్టుకున్న నలభై మంది తెల్లవాళ్ళు, వాళ్ళకో నాలుగు. రాజు సేన అయిదు వేల కాలిబలం. చాలామంది చేతుల్లో ఈటెలు, విల్లులు. రెండు పక్షాలూ కొన్నాళ్ళు ఒకరినొకరు చూస్తూ కూర్చున్నాయి. రెండో వారం మొదట్లో ఓ తెల్లవారుజామున ఫోర్డ్ చప్పుడు చెయ్యకుండా డేరాలెత్తి వేరే చోటుకి కదిలాడు. కదులుతున్నామని రాజుకి చెప్పాడో, చెప్పినా ఆయన లేవలేదో గాని, తెల్లారేసరికి రాజు సేన వెనకబడిపోయి ఫ్రెంచి ఫిరంగుల నోటికి చిక్కింది. ఫోర్డ్ వెనక్కి తిరిగి వాళ్ళని కలుపుకుని చందుర్తి దగ్గర నిలబడ్డాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘కాండోర్’ అంటే ఈ యుద్ధమే.

ఆ పూట గెలుపోటముల్ని తేల్చింది ఒక చేను, ఒక చొక్కా. ఫోర్డ్ తెల్ల పటాలాన్ని నడుమ పెట్టి, సిపాయిల్ని రెండు పక్కలా నిలిపాడు. పటాలం ముందు మనిషెత్తు పైరు. ఇంగ్లీషు రాతల్లో అది మొక్కజొన్న అని ఉంటుంది. ఆ మెట్ట చేలని బట్టి చూస్తే జొన్నే అయివుంటుందని నా ఊహ. ఆ పైరు వెనక పటాలం కనబడకుండా పోయింది. ఇటు చూస్తే ఎడమ పక్క సిపాయిలు ఎర్రకోటులతో నిలబడి ఉన్నారు. దక్షిణాదిన సిపాయిలకి తెల్లబట్టలు చూసి అలవాటైన ఫ్రెంచివాళ్ళు, ఎర్రకోటులు కనబడగానే ఇంగ్లీషు సోల్జర్లంటే వీళ్ళేననుకున్నారు. తమ పటాలాన్ని నేరుగా వాళ్ళ మీదికి తోశారు. సిపాయిలు తట్టుకోలేక చెదిరారు. గెలిచామనుకున్న ఫ్రెంచివాళ్ళు వరస తప్పి వెంటబడ్డారు. అప్పుడు చేలోంచి అసలు పటాలం బయటికొచ్చింది. కెప్టెన్ ఆడ్నెట్ దండు పక్కనుంచి తుపాకులు పేల్చింది. ఆడ్నెట్ అక్కడే దెబ్బతిని పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. ఫ్రెంచి పటాలంలో చాలామంది నేలకూలారు, మిగతావాళ్ళు ఫిరంగుల దగ్గరికి పరిగెత్తారు. ఆ ఫిరంగులూ పోయాయి, తరవాత డేరాలూ పోయాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి ఆ రాత్రికే రాజమహేంద్రవరం చేరాడు. కుడి పక్క కెప్టెన్ నాక్స్ సిపాయిలు వరిమళ్ళ గట్ల చాటునుంచి మూడింతల మందిని ఆపి నిలబడ్డారు. ఆ పూట ఎక్కువ ప్రాణాలు పోయింది తిలంగాలవే అని గుర్తుంచుకోవాలి. రాజు సేన పోరు జరిగినంతసేపూ ఒక పల్లంలో తలదాచుకుంది.

నాక్స్ వెంటనే వెళ్ళి రాజమహేంద్రవరం కోటని పట్టేశాడు. ఇంకో పది రోజుల్లో మచిలీపట్నం చేరి ఉంటే కాన్‌ఫ్లాన్స్‌కి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది కాదు. కానీ గోదావరి గట్టున మళ్ళీ అదే పాట. డబ్బేది? ఫోర్డ్ అడుగుతాడు, రాజు వాయిదా వేస్తాడు. విసిగిపోయి ఫోర్డ్ నది దాటినవాడల్లా వెనక్కి తిరిగి పెద్దాపురం వచ్చాడు. తనని శిక్షించడానికే వస్తున్నాడనుకుని రాజు కొండల వైపు తప్పుకున్నాడు. మళ్ళీ ఆండ్రూస్ వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాడు. ఈసారి షరతులు రాజుకి కలిసొచ్చాయి. ఇంతకుముందు యుద్ధ ఖర్చు కింద ఇవ్వాల్సిన సొమ్ము ఇప్పుడు కంపెనీకి ఇచ్చే అప్పు అయింది. గోదావరికి దక్షిణాన చేజిక్కే సీమల రాబడి చెరిసగం. నన్నడిగితే ఈ యుద్ధం మొత్తంలో ఆనంద గజపతి గెలిచిన యుద్ధం ఇదొక్కటే. కత్తి దుయ్యకుండా, కొండెక్కి కూర్చుని గెలిచాడు. దానికి పట్టింది యాభై రోజులు. 1759 జనవరి 28కి గాని సైన్యం మళ్ళీ కదల్లేదు.

ఈలోగా దక్షిణాన లాలీ మద్రాసు కోట చుట్టూ కూర్చున్నాడు. అతనూ ఐరిష్ రక్తమే, తండ్రి ఐర్లండువాడు. అతని కష్టమూ ఇదే: సోల్జర్లకి జీతాల్లేవు. డబ్బు కోసం తంజావూరు మీదికి కూడా వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఫిబ్రవరి 17న మద్రాసు ముట్టడి ఎత్తేసి వెళ్ళిపోయాడు. లాలీకి జనరల్ హోదా ఉంది, నోటిమంచితనం లేదు. బాకీ ఉన్నవాడిని తిట్టి రాబట్టాలని చూస్తాడు. ఫోర్డ్ మాటకారి కాదు గాని, తిట్టాల్సిన చోట ఊరుకోవడం అతనికి తెలుసు. అది ఎంత పనికొచ్చిందో మచిలీపట్నం దగ్గర తేలింది.

మార్చి 6న అక్కడికి చేరేసరికి కోటలో ఉన్న ఫ్రెంచివాళ్ళ బలం బయట ఉన్నవాళ్ళ కంటే ఎక్కువ. కోట చుట్టూ పర్ర, మోకాళ్ళ లోతు బురద. ఒక్క కట్టదారి తప్ప పొడి నేల లేదు. ఫోర్డ్ ఇసుక దిబ్బల మీద ఫిరంగులు పెట్టి గోడ కొట్టించడం మొదలుపెట్టాడు. ఆ నెల్లోనే తెల్ల సోల్జర్లు ఆయుధాలు పట్టుకుని ఎదురు తిరిగారు. చందుర్తి నుంచి రావాల్సిన దోపిడీ వాటా ఇంతవరకూ ఇవ్వలేదు, ఇక మేం పోతాం అన్నారు. వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ సొమ్ము ఫోర్డ్ సైన్యం తిండికి ఖర్చుపెట్టేశాడు, ఆఫీసర్ల సొంత డబ్బూ వాడేశాడు. కాల్చేస్తానని బెదిరించలేదు. కొందరిని ప్రతినిధులుగా పంపండి, మాట్లాడదాం అన్నాడు. చేతికి మొదట వచ్చే డబ్బుతో మీ బాకీ తీరుస్తా, మచిలీపట్నం దొరికితే కంపెనీ వాటా కూడా మీకే ఇమ్మని పైవాళ్ళని అడుగుతా అని మాటిచ్చాడు. సోల్జర్లు పనిలోకి వెళ్ళారు.

అది సర్దుకుంటుండగానే నిజాం సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ వైపు వస్తున్నాడని, వెనక రాజమహేంద్రవరాన్ని ఫ్రెంచివాళ్ళు తిరిగి పట్టుకున్నారని కబుర్లు వచ్చాయి. ఆనంద గజపతికి గుండె జారింది. చీకటి పడగానే సేనని లేపి ఇంటిదారి పట్టి, తెల్లారేసరికి పదహారు మైళ్ళు పోయాడు. ఫోర్డ్ వెనక నుంచి మనిషిని పంపించి చెప్పించింది ఒకటే. ముందు గోదావరి దగ్గర ఫ్రెంచివాళ్ళు, పక్కన నిజాం గుర్రాలు, మధ్యలో మీరొక్కరే. ఎలా వెళతారు? రాజు ఆలోచించుకుని వెనక్కి వచ్చాడు.

ఏప్రిల్ 5న పెద్ద గాలివాన పట్టుకుంది. పర్ర ఇంకా ఊబిగా మారింది. ఏడో తేదీన ఫిరంగులవాళ్ళు వచ్చి, ఉన్న మందు ఇంకో రెండు రోజులకే సరి అన్నారు. ఫోర్డ్ ఆ రాత్రికే దాడి అన్నాడు. అర్ధరాత్రి ఆటు సమయానికి నీళ్ళు తగ్గుతాయి. నాక్స్ నైరుతి మూల బురద వైపు నుంచి దాడి చేస్తున్నట్టు నటించాలి. రాజు సేన కట్టదారి దగ్గర గోల చెయ్యాలి. అసలు దండు ఈశాన్యపు బురుజు మీద పడాలి. నడుం లోతు నీళ్ళల్లో ఈడ్చుకుంటూ వెళ్ళారు. చందుర్తిలో పల్లంలో దాక్కున్న రాజు మనుషులు ఆ రాత్రి మాత్రం చెప్పిన పని చక్కగా చేశారు. కట్టదారి మీద వాళ్ళు పెట్టిన రభసకి లోపలివాళ్ళు ఏ వైపు పరిగెత్తాలో తెలియక తికమకపడ్డారు. కెప్టెన్ యార్క్ బురుజు మీద నుంచి బురుజు మీదికి గోడ వెంబడే తోసుకుపోయాడు. పక్కన డప్పు కొడుతున్న ఇద్దరు పిల్లలు చచ్చిపోయారు. అతనికి రెండు తొడల్లోనూ గుళ్ళు దిగాయి. తెల్లవారకముందే కాన్‌ఫ్లాన్స్ మర్యాదైన షరతులు అడిగాడు. ఫోర్డ్ షరతుల్లేవు, లొంగిపోవడమే అన్నాడు. లొంగినవాళ్ళు సుమారు 500 మంది ఫ్రెంచివాళ్ళు, 2,500 మంది ఇతరులు. ఫిరంగులు 120. పట్టుకున్నవాళ్ళ కంటే పట్టుబడ్డవాళ్ళే ఎక్కువ. వారం తిరిగేసరికి పాండిచ్చేరి నుంచి మూడు వందల మంది సాయంతో ఫ్రెంచి ఓడలు వచ్చాయి. కోట మీద ఎవరి జెండా ఉందో చూసి గంజాం వైపు వెళ్ళిపోయాయి.

మే 14న సలాబత్ జంగ్ ఫోర్డ్‌తో సంధి చేసుకున్నాడు. మచిలీపట్నం, ఎనిమిది జిల్లాలు, నిజాంపట్నం కంపెనీకి ఇనాముగా దఖలయ్యాయి. ఒకరి ఒప్పుదల లేకుండా రెండోవారు సంధి చెయ్యకూడదని నవంబర్ 21న రాసుకున్న షరతు ఎవరికీ గుర్తు రాలేదు. రాజు అప్పటికే సేనతో ఇంటికి మళ్ళాడు. ఆయన పేరు మాత్రం సంధిలో ఒక చోట ఉంది. ఆ ఏడాది ఫ్రెంచివాళ్ళ సీమల్లో ఆనంద గజపతి వసూలు చేసుకున్నదానికి నిజాం లెక్క అడగడు. ఇకముందు ఫ్రెంచివాళ్ళు రాకముందు పూసపాటివారు ఎంత కప్పం కట్టేవారో అంతే కడతాడు. రాజు ఆశపడ్డ రాజమహేంద్రవరం సంగతి అందులో లేదు. ఏడాది తరవాత, 1760లో, ఆయన కన్నుమూశాడు.

ఫోర్డ్ కలకత్తా తిరిగి వెళ్ళేసరికి లండన్ నుంచి కాగితం వచ్చి ఉంది. అతని ఉద్యోగాన్ని డైరెక్టర్లు ఖాయం చెయ్యలేదు. ఇంగ్లండు రాజు కొలువు వదులుకుని వచ్చినవాడికి కంపెనీ కొలువూ లేకుండా పోయింది. ఆ కాగితం వచ్చాక కూడా 1759 నవంబర్ 25న చందర్‌నగర్ దగ్గర బేదరా మైదానంలో డచ్చివాళ్ళని ఓడించింది అతనే. డచ్చివాళ్ళతో యుద్ధం ప్రకటించలేదు కదా, కాల్చమంటారా వద్దంటారా అని ఫోర్డ్ చీటీ రాస్తే, పేకాడుతున్న క్లైవ్ ఆట ఆపకుండా ఆ చీటీ మీదే జవాబు గీకాడని, ముందు పోరాడు, కౌన్సిలు హుకుం రేపు పంపిస్తా అన్నాడని చెప్పుకుంటారు. ఆ తరవాత ఫోర్డ్ ఇంగ్లండు వెళ్ళిపోయాడు. లాలీకి పట్టిన గతితో పోలిస్తే ఇది నయమే. లాలీని 1766లో పారిస్‌లో తల నరికి చంపారు.

1769లో బెంగాలు వ్యవహారాలు తనిఖీ చెయ్యడానికి కంపెనీ ముగ్గురు సూపర్వైజర్లని పంపింది. వాన్సిటార్ట్, స్క్రాఫ్టన్, మూడోవాడు ఫోర్డ్. అరోరా అనే యుద్ధనౌక ఎక్కారు. ఆ ఓడలోనే విలియం ఫాల్కనర్ అనే కవి లెక్కలు చూసే ఉద్యోగిగా ఉన్నాడు. ఓడ మునిగిపోవడం మీద కావ్యం రాసి పేరు తెచ్చుకున్నవాడు. డిసెంబర్ 27న ఓడ గుడ్ హోప్ అగ్రం దగ్గర రేవు వదిలింది. ఆ తరవాత ఆ ఓడ గాని, అందులోని మనుషులు గాని ఎవరికీ కనబడలేదు.

విజయనగరంలో అప్పటికి ఆనంద గజపతి తరవాత గద్దెనెక్కిన విజయరామరాజు పేరు మీద అతని సవతి అన్న సీతారామరాజు పెత్తనం చేస్తున్నాడు. ఈ విజయరామరాజు కాలంలో కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ (కప్పం) పెరుగుతూ పోయి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధం దాకా వచ్చింది. ఆ కథ వచ్చే భాగంలో.